ఇవ్వని బొటనవేలు

1977 మే నెల. పారిస్‌లో కచేరీల మధ్య దొరికిన కాస్త ఖాళీలో జమైకా గాయకుడు బాబ్ మార్లే ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. పాట తరువాత అతనికి అంత ప్రాణం ఆ బంతాటే. ఎవరిదో కాలు బలంగా పడి కుడికాలి బొటనవేలి గోరు లేచిపోయింది. ఆ వేలికి అంతకుముందూ దెబ్బలు తగిలి ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. అతనూ అలాగే అనుకున్నాడు. కట్టు కట్టించుకుని స్టేజీ ఎక్కాడు, గెంతాడు, మళ్లీ బంతి తన్నాడు. పుండు మాత్రం మానలేదు. జూలైలో లండన్ డాక్టర్లు చూసి, పరీక్షలు చేయించి, ఇది మెలనోమా అన్నారు. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో తొందరగా పాకే రకం. అప్పటికి అతని వయసు 32.

దెబ్బ వల్ల క్యాన్సర్ రాలేదు. దెబ్బ దాన్ని బయటపెట్టింది, అంతే. కానీ చేతిలో ఒక కథ సిద్ధంగా ఉంటే ఇంకో కథ చెవికెక్కదు. ఆటలో తగిలిన గాయం అనేది ఎంత ఆరోగ్యవంతమైన కథ! ఆడేవాడికి తగులుతుంది, నాలుగు రోజులకు మానుతుంది. పైగా మెలనోమా అంటే ఎండకు కందిపోయే తెల్లవాళ్ల జబ్బని పేరు. అది చాలావరకు నిజం కూడా. నల్లవాళ్లకు, మన లాంటి చామనచాయ మనుషులకు అది అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా ఎండ సోకని చోట వస్తుంది: అరికాలిలో, అరచేతిలో, గోరు కింద. గోరు కింద నల్లగా ఒక చార కనిపిస్తే తలుపు సందున పడి నలిగిందనో, రాయి తగిలిందనో అనుకోవడం ఎవరికైనా సహజమే.

డాక్టర్ల సలహా సూటిగానే ఉంది: వేలు తీసేయాలి. అతను తీయనివ్వనన్నాడు.

గురువు అడగ్గానే బొటనవేలు కోసి ముందు పెట్టిన ఏకలవ్యుడి కథ విని పెరిగినవాళ్లం మనం. ఇవ్వనన్నవాడి కథ మనకు మొదట మొండితనంలానే కనిపిస్తుంది. అయితే ఆ ‘ఇవ్వను’ వెనక ఏముందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జమైకాలో సెయింట్ ఆన్ జిల్లా, నైన్ మైల్ అనే కొండపల్లె. 1945 ఫిబ్రవరి 6న పుట్టాడు. తల్లి సెడెల్లా నల్లజాతి పిల్ల, అప్పటికి పద్దెనిమిదేళ్లది. తండ్రి నార్వల్ మార్లే తెల్లతోలు మనిషి, ఆమెకంటే ఎంతో పెద్దవాడు. బిడ్డను చూసింది తక్కువ, పోషించింది ఇంకా తక్కువ. బాబ్‌కు పదేళ్లప్పుడు పోయాడు. పిల్లవాడు తల్లితో కింగ్‌స్టన్ చేరి ట్రెంచ్ టౌన్ మురికివాడలో పెరిగాడు. అక్కడ నల్లవాళ్ల మధ్య తెల్లవాడు, బయట తెల్లవాళ్ల లెక్కలో నల్లవాడు. ఎటు చూసినా సగం మనిషి. ఆ సగం మనిషికి నువ్వు పూర్తి మనిషివి, నీ ఒళ్లే గుడి అని చెప్పింది రస్తఫారీ మతం.

1930లో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్న హైలే సెలాసీలో దేవుణ్ణి చూసిన మతం అది. పట్టాభిషేకానికి ముందు ఆయనను రస్ తఫారి అనేవాళ్లు, దాని నుంచే ఈ పేరు. బానిసలుగా తరలించబడ్డ జనానికి ఆఫ్రికా తల్లిగారిల్లు అని, అక్కడికి తిరుగు ప్రయాణం తప్పదని నమ్మకం. దానితోపాటు ఒంటి గురించీ గట్టి నియమాలు. చాలామంది మాంసం ముట్టరు, కొందరు ఉప్పు కూడా వేసుకోరు. బైబిల్‌లో సంఖ్యాకాండం చెప్పే నాజీరు వ్రతం ప్రకారం తలకు కత్తెర తగలనివ్వరు, జుట్టు జడలు కట్టి దిగుతుంది. శవం దగ్గరికి పోరు. చావు అనే మాటను నోట రానివ్వడానికే ఇష్టపడరు.

1975 ఆగస్టులో ఆడిస్ అబాబాలో హైలే సెలాసీ చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడు ప్రపంచం దాన్ని వార్తగానే తీసుకుంది. మార్లే మాత్రం స్టూడియోలోకి వెళ్లి దేవుడు బతికే ఉన్నాడని పాట కట్టి విడుదల చేశాడు. రేడియో చెప్పినంత మాత్రాన చావు నిజమైపోదు అతని దృష్టిలో. ఈ ఘట్టం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ప్రయోగశాల కాగితం మీద రాసిచ్చినా ఒక జబ్బును ఒప్పుకోవడానికి మనసు రాకపోవడం అంతకు రెండేళ్ల ముందే ఇక్కడ తయారై ఉంది.

తరువాత తూటా వచ్చింది. 1976 డిసెంబరు 3 రాత్రి, కింగ్‌స్టన్ హోప్ రోడ్డులోని అతని ఇంట్లోకి సాయుధులు చొరబడి కాల్పులు జరిపారు. ఎన్నికల వేడి, రెండు పార్టీల ముఠాల కక్షలు. భార్య రీటాకు తలకు తగిలింది, మేనేజరుకు ఒంట్లో ఎన్నో తూటాలు దిగాయి. బాబ్‌కు ఛాతీని రాసుకుంటూ పోయి చేతిలో దిగింది. ఎవరూ చావలేదు. రెండు రోజుల తరువాత, ఒప్పుకున్న కచేరీకి ఆ కట్టుతోనే వెళ్లి వేల మంది ముందు పాడి, గాయాలు విప్పి చూపించాడు. ఆ రాత్రి ఆ మైదానంలో ఉన్న ప్రతివాడికీ, బాబ్‌కు ముందుగా, ఒక సంగతి ఖాయమైపోయి ఉంటుంది: ఇతన్ని కాచేవాడు ఉన్నాడు. తూటాకు చావనివాడు గోటికి చస్తాడా?

ఏడు నెలలు తిరగకుండానే గోరు సంగతి వచ్చింది.

డాక్టరు మాటకు మనిషి ఎందుకు వద్దంటాడని ముందే తరచి చూసినవాళ్లున్నారు. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖకు ఒక చిక్కు ఎదురైంది. వ్యాను వీధిలోకి తెచ్చి, పైసా తీసుకోకుండా టీబీకి ఎక్స్‌రే తీస్తామంటే జనం ఎందుకు రారు? హాక్‌బామ్, రోసెన్‌స్టాక్ లాంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు తవ్విచూస్తే తేలింది తెలివితక్కువతనం కాదు. ఇది నాకు వచ్చేదేనా, వస్తే అంత ప్రమాదమా, చెప్పింది చేస్తే ఒరిగేదేమిటి, చేసినందుకు పోయేదేమిటి అని మనిషి లోలోపల తూకం వేసుకుంటాడు. డాక్టరు వేసే తూకం వేరు, రోగి వేసే తూకం వేరు. మార్లే తక్కెడలో ఒక పక్క కాలి మీద ఒక పుండు. అది నిజంగా ప్రాణం తీసేదన్న నమ్మకం అతనికి కుదరలేదు. ఇంకో పక్క దేవుడిచ్చిన ఒళ్లు, వేలు లేకపోతే పట్టు తప్పే నడక, స్టేజీ మీద గెంతు, ఫుట్‌బాల్, జూన్‌లోనే విడుదలై ప్రపంచమంతా మోగుతున్న అతని ఆల్బమ్ ‘ఎక్సోడస్’. ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

శరీరం కోసుకోకూడదన్నది కూడా రస్తఫారీల నియమమే, దానికి బైబిల్‌లో లేవీయకాండం 21వ అధ్యాయాన్ని చూపిస్తారు. ఆ అధ్యాయం తెరిచి చూస్తే అది యాజకులకు పెట్టిన నియమం. ఎవరైనా పోయినప్పుడు దుఃఖంతో తల గొరిగించుకోవడం, ఒంటిమీద కోతలు పెట్టుకోవడం కూడదంటుంది. వైద్యుడి కత్తి ఊసు అందులో లేదు. రస్తఫారీలకు పోపూ లేడు, పీఠాధిపతీ లేడు. ఏది తప్పు, ఏది కాదు అన్నది చాలావరకు ఎవరికి వారు తేల్చుకునేదే. ఇక్కడే అసలు తిరకాసు. వేలు తీయనివ్వని మార్లే మయామిలో ఆపరేషన్ బల్ల ఎక్కనే ఎక్కాడు. గోరునూ, గోరు కింద మాంసాన్నీ తీయించుకున్నాడు. తొడ మీద నుంచి చర్మం కోసి ఆ గుంటలో అతికిస్తే ఊరుకున్నాడు. తొడ కోయడం కోత కాదా? శాస్త్రం అక్షరాలా పట్టుకున్నవాడైతే అదీ కూడదనాలి. అంటే అతను కాపాడుకున్నది వాక్యాన్ని కాదు. అయిదు వేళ్లున్న కాలిని, సగం కాని మనిషిని. నమ్మకం ఎంత గట్టిదైనా బేరమాడుతుంది. ఇంత ఇస్తాను, ఇంతకు మించి అడగొద్దంటుంది. ఆ బేరానికి ఒప్పుకునే డాక్టరు కూడా దొరికాడు. క్యాన్సర్‌కు మాత్రం బేరం సంగతి తెలియదు.

వేలు తీసేసి ఉంటే బతికేవాడా అంటే ఒట్టు పెట్టి చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. ఈ రకం మెలనోమా చాలాసార్లు ఆలస్యంగానే బయటపడుతుంది. అయినా మొదట్లోనే, చుట్టూ ఉన్న మంచి కండతో సహా తీసేస్తే బతికే అవకాశం ఎక్కువ. మిగిల్చిన కొద్దీ తగ్గుతుంది.

ఇలాంటి బేరాలు మనకు కొత్త కాదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అలాంటి చోట బెంచీల మీద కాసేపు కూర్చుంటే ఒక మాట చెవిన పడుతుంది: “కత్తి పెడితే పాకుద్దంట.” ముక్క తీసి పరీక్షకు పంపారు, అప్పటి నుంచే ముదిరింది అంటారు. గడ్డను కెలకనంత కాలం అది నిద్రపోతుంది, గాలి తగిలితే లేస్తుంది అంటారు. అనేవాళ్లను చదువులేనివాళ్లని తోసిపుచ్చలేం. ఇంజనీర్లు అనగా విన్నాను. ఆ మాటకు మూలం అనుభవమే. పసర్లూ, మొక్కులూ అన్నీ అయ్యాక, గడ్డ పిడికిలంత అయ్యాక ఆసుపత్రికి వస్తారు. అప్పుడు కత్తి పడుతుంది, ఆ తరువాత కొన్నాళ్లకు మనిషి పోతాడు. చూసినవాళ్లకు కళ్ల ముందు కనిపించే వరస కత్తి, చావు. అంతకు ముందు గడిచిన ఏడాది ఎవరికీ కనబడదు. మా ఇళ్లలో ఆ జబ్బు పేరు కూడా ఎత్తరు, ‘పెద్ద జబ్బు’ అంటారు. పిలిస్తే పలుకుతుందేమోనని భయం. నైన్ మైల్ కొండపల్లె మనకు అనుకున్నంత దూరమేమీ కాదు.

ఆ తరువాతి మూడేళ్లు అతని జీవితంలో ఎంత వెలుగో చెప్పడం కష్టం. 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్ స్టేడియంలో, ఒకరినొకరు చంపించుకుంటున్న పార్టీల నాయకులు మైఖేల్ మాన్లీ, ఎడ్వర్డ్ సియాగాలను స్టేజీ మీదికి పిలిచి ఇద్దరి చేతులూ కలిపి తన తల మీదుగా ఎత్తిపట్టాడు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్యోత్సవానికి సొంత ఖర్చుతో సామగ్రి తరలించుకుని వెళ్లి పాడాడు. ఆ జూన్‌లో మిలాన్‌లో దాదాపు లక్ష మంది వచ్చారు. అతను కట్టిన పాటల్లో గిటారు ఒక్కటే తోడుగా సాగే విముక్తి పాట ఆ ఏడాదిదే. ఇంత పనిలో మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లి ఒళ్లంతా చూపించుకునే తీరికా లేదు, తలంపూ లేదు. పుండు మానింది కదా! మానిన పుండును మించిన సాక్ష్యం నమ్మినవాడికి ఇంకేం కావాలి? లోపల అది తన దారిన తాను పోతూనే ఉంది.

1980 సెప్టెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు రాత్రులు పాడాడు. మర్నాడు ఆదివారం, 21వ తేదీ. సెంట్రల్ పార్కులో మిత్రుడితో పరుగుకు వెళ్లి, ఉన్నట్టుండి ఒళ్లు బిగుసుకుపోయి కుప్పకూలాడు. పరీక్షిస్తే మెదడులో గడ్డ. ఊపిరితిత్తుల్లోకీ, ఇంకా లోపలికీ పాకింది. కొన్ని వారాలు అన్నారు. రెండు రోజుల తరువాత పిట్స్‌బర్గ్‌లో స్టాన్లీ థియేటరులో ప్రోగ్రాం ఉంది. వెళ్లాడు. గంటన్నర పాడాడు. అదే చివరిది.

ఇక్కడి నుంచి కథ ఇచ్చుకోవడమే. న్యూయార్క్‌లో రేడియేషన్‌కు ఒప్పుకున్నాడు. దానితో జుట్టు ఊడడం మొదలైంది. ఏళ్ల తరబడి కత్తెర సోకని జడలు అవి, సింహం జూలులా భుజాల మీద పరుచుకున్నవి, ఫొటోలో చూడగానే పేరు చెప్పించేవి. మిగిలిన వాటి బరువు మోయడానికి మెడలో బలం లేదు. కత్తిరించారు. నవంబరు 4న ఇథియోపియన్ ఆర్థడాక్స్ చర్చి ఆర్చిబిషప్ అబూనా యెసెహాక్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. బెర్హానే సెలాసీ అని కొత్త పేరు. ఆ చర్చి చక్రవర్తిని గౌరవిస్తుంది గానీ దేవుడనదు. రీటా ఎంతో కాలంగా కోరుకున్నదే ఇది. కానీ పదేళ్లకు పైగా లోకానికి హైలే సెలాసీనే దేవుడని పాడిన గొంతు అది.

నవంబరులోనే జర్మనీ. బవేరియా కొండల్లో, సరస్సు ఒడ్డున రోటాక్-ఎగెర్న్ అనే ఊరు. అక్కడ జోసెఫ్ ఇసెల్స్ అనే డాక్టరుకు క్యాన్సర్ ఆసుపత్రి ఉండేది. పెద్దాసుపత్రులు చేతులెత్తేసినవాళ్లు వెళ్లే చోటు. క్యాన్సర్ అంటే గడ్డ కాదు, ఒళ్లంతా చెడడం వల్ల చివరికి వచ్చే ఫలితం, ఒంటిని బాగుచేస్తే గడ్డ దానంతటదే లొంగుతుందని ఇసెల్స్ వాదం. ఆహార నియమం, కృత్రిమంగా జ్వరం తెప్పించడం, తన సొంత టీకాలు. రోగం పుట్టిల్లు అక్కడే అని పళ్లూ, టాన్సిల్సూ పీకించడం కూడా ఆయన పద్ధతుల్లో ఉండేది. నిర్లక్ష్యంతో రోగుల చావుకు కారణమయ్యాడని 1961లో శిక్ష పడింది, 1964లో పై విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు. బ్రిటన్ నుంచి వచ్చిన నిపుణులు చూసి, గడ్డల మీద ఈ వైద్యం పనిచేస్తున్న దాఖలా లేదని తేల్చారు. ఆయనను ఉత్త మోసగాడని అనడానికి నాకు నోరు రాదు. ఆయనా నమ్మినవాడే. నమ్మిన రోగికి నమ్మిన వైద్యుడు దొరికాడు. ఒళ్లు ముక్కలు కాదు, ఒక్కటే అన్న మాటను ఒక డాక్టరు నోట వినడానికి బాబ్ మార్లే అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

మంచు కాలం. ఎండలో పుట్టిన మనిషి. టోపీ కింద జుట్టు లేని తల, రోజు రోజుకూ తగ్గిపోతున్న ఒళ్లు. తల్లి సెడెల్లా వచ్చి పక్కన ఉంది. వేడినీళ్ల తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, తినిపించబోతే వద్దనడం, మళ్లీ తినిపించబోవడం: ఏ తల్లి అయినా ఆ గదిలో చేసేది అదే. వారాలన్న ఆయువు నెలలు సాగింది. 36వ పుట్టినరోజు అక్కడే జరిగింది. అందుకు ఇసెల్స్ వైద్యాన్ని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, అనవసరంగా హింస పెట్టాడన్నవాళ్లూ ఉన్నారు. మే నెలకు ఇసెల్సే ఇక చేసేదేమీ లేదన్నాడు.

జమైకాలో పోవాలని విమానం ఎక్కాడు. అంత దూరం రాలేకపోయాడు. పరిస్థితి విషమించి మయామిలో దించారు, నాలుగేళ్ల కిందట గోరు తీయించుకున్న ఊరే. 1981 మే 11న అక్కడే పోయాడు. పది రోజుల తరువాత కింగ్‌స్టన్‌లో ప్రభుత్వ లాంఛనాలతో ఆర్థడాక్స్ పద్ధతిలో అంత్యక్రియలు. అప్పటికి ప్రధాని అయిన సియాగా మాట్లాడాడు. దారి పొడవునా జనం. మొదటి నుంచీ కలిసి పాడిన పీటర్ టాష్, బన్నీ వైలర్ రాలేదు. రస్తఫారీలు శవం దగ్గరికి పోరు. నైన్ మైల్‌లో గిటారు, బైబిల్ పక్కన పెట్టి పూడ్చారు.

విల్లు రాయలేదు. డాక్టర్లు గడువు చెప్పాక కూడా ఏడున్నర నెలలు చేతిలో ఉన్నాయి, లాయర్లున్నారు, కాగితాలున్నాయి. చావును ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి, అది అతనివల్ల కాలేదు. కోట్ల డాలర్ల ఆస్తి, పదకొండుమంది పిల్లలు, వాళ్ల తల్లులు వేరు వేరు. వ్యాజ్యాలు పదేళ్లు నడిచాయి. తల్లి సెడెల్లా ఉంటున్న ఇంటి మీద కూడా తగాదా నడిచింది. ఈ ఒక్క విషయంలో నేను అతన్ని క్షమించలేను. వేలు అతని సొంతం, ఇవ్వకపోతే నష్టం అతనిది. విల్లు అలా కాదు.

జమైకాలో, బయటా కూడా, ఇంకో కథ ఇప్పటికీ తిరుగుతోంది. సీఐఏ వాళ్లు అతనికి ఒక జత బూట్లు బహుమతిగా పంపారని, తొడిగితే లోపలున్న తీగ బొటనవేలికి గుచ్చుకుందని, ఆ తీగకు విషం పూసి ఉందని. రుజువేమీ లేదు. గుచ్చుకున్న తీగతో గోరు కింద మెలనోమా పుట్టదు కూడా. చెప్పేవాళ్లు మాత్రం ఒట్టేసి చెబుతారు. నిజంగానే తుపాకులు పట్టుకుని ఇంటి మీదికి వచ్చిన దేశంలో ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. కానీ బూటు కథలో బాబ్ మార్లే చేసేదేమీ ఉండదు. ఎవరో పంపితే తొడుక్కుని చచ్చిపోయిన అమాయకుడు మిగులుతాడు. డాక్టర్ల ముందు కూర్చుని, వాళ్లు చెప్పిందంతా విని, ఆ వేలు నాది, నేనివ్వను అన్న మనిషి అందులో ఎక్కడా కనిపించడు.